పరిగె కలుపు చేపా?

చేపల చెరువుల పరిభాషలో ‘కలుపు చేప’ అనే మాట ఒకటుంది. పెంచదలచుకున్న బొచ్చె, శీలావతి, రూప్‌చంద్ వగైరాలు తప్ప, నీటితో పాటు తమంతట తాము వచ్చి చేరినవన్నీ కలుపే. పరిగె కూడా ఆ లెక్కలోదే. నాకు ఈ మాట మీదనే అభ్యంతరం. రూప్‌చంద్ దక్షిణ అమెరికా నదులలో పుట్టిన చేప. పశ్చిమ గోదావరి చెరువులలో అది పంట. ఈ నీళ్ళలోనే పుట్టి పెరిగిన పరిగె మాత్రం కలుపు!

పరిగెలంటే నిజానికి ఒక్క జాతి కాదు. మనకు బాగా తెలిసిన వాటిలో ఒకటి పుంటియస్ సోఫోర్. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపల మీద వెలువరించిన గ్రంథంలో దీనిని వర్ణించాడు. (పుంటియస్ అన్నది బెంగాలీ ‘పుంటి’కి లాటిన్ వేషం.) బెత్తెడు కూడా లేని వెండి ఒళ్ళు, తోక మొదట నల్లచుక్క; గుడ్లు పెట్టే కాలంలో మగచేప పక్కన ఎర్రని చార.

దీనికి మహానది అక్కరలేదు. మోకాలి లోతు నీరు, కాస్త నాచు చాలు. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువలు, బోదెలు, వరిమళ్ళు, మురుగు కాలువలు ఒకదానితో ఒకటి కలిసిన డెల్టాలో ఇటువంటి చోట్లకు కొదవ లేదు. తొలకరిలో చెరువు పొర్లగానే పారే నీటికి ఎదురెక్కి మళ్ళలోకి చేరడం, అక్కడి గడ్డి దుబ్బులలో గుడ్లు చల్లడం, నీరు తీసేసరికి పిల్లలతో సహా మళ్ళీ కాలువ పట్టడం దాని జీవితం. అంటే వరిచేను దానికి పురిటిల్లు. ఆ చేను చేపల చెరువుగా మారి చుట్టూ ఎత్తైన గట్టు లేచిన రోజున ఆ దారి మూసుకుపోతుంది. మిగిలిన చేలలో పురుగుమందు సంగతి చెప్పనక్కరలేదు.

కోతలయ్యాక చేలో రాలిన వెన్నులు ఏరుకోవడాన్ని కూడా మనం పరిగె ఏరుకోవడమనే అంటాము. మాటల వ్యుత్పత్తి ఎలా ఉన్నా, ఈ రెండు పరిగెలకూ హక్కుదారులు మాత్రం ఒక్కరే: సెంటు భూమి లేనివారు. బోదెలో చీరకొంగు పట్టినా, వెదురుబుట్ట అడ్డం పెట్టినా పులుసుకు సరిపడా దొరికేవి. ముళ్ళతో సహా నమిలి తినే చేప కనుక సున్నపు ధాతువు కూడా దక్కేది.

చెరువులో పిల్ల వదిలేముందు మీటరు లోతు నీటికి హెక్టారుకు సుమారు 2,500 కిలోల ఇప్పచెక్క చల్లమంటారు. అందులోని సాపోనిన్ చేపల రక్తకణాలను పగలగొడుతుంది; తరువాత అదే ఎరువవుతుంది. మేతకూ ప్రాణవాయువుకూ పోటీ వస్తుందన్న రైతు భయం అబద్ధం కాదు. లక్షలు పెట్టుబడి పెట్టినవాడిని నేను తప్పుపట్టను. అయితే బంగ్లాదేశ్‌లో మోలా అనే ఇంతే చిన్న చేపను పెద్ద చేపలతో కలిపి పెంచి చూశారు. పెద్దచేపల దిగుబడి చెప్పుకోదగినంతగా తగ్గలేదు. ‘ఎ’ విటమిను దండిగా ఉన్న ఆ చేప ఇంటి కూరకు మిగిలింది. చిన్నచేపల పోషణ విలువ మీద అక్కడ దీర్ఘకాలం కృషి చేసిన శకుంతల థిల్‌స్టెడ్‌కు 2021లో ప్రపంచ ఆహార పురస్కారం లభించింది. అక్కడ పురస్కారం, ఇక్కడ ఇప్పచెక్క.

సొంత చెరువుల మాట అటుంచి, పంచాయతీ చెరువుల సంగతైనా ఆలోచించవచ్చును. అవి ఊరందరివి. వేలం షరతులలో రెండు వాక్యాలు చేర్చడానికి ఖర్చేమీ లేదు: పిల్ల వదిలే ముందు విషం చల్లరాదు, తొలకరి నీరు దిగే తూముకు సన్నకన్ను వల బిగించరాదు.