ఉస్మానియా గుమ్మటాల వెనుక పరిశోధనశాల

ఉస్మానియా ఆసుపత్రి కొత్త భవనాలకు గోషామహల్‌లో 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. వైద్యం అక్కడికి తరలిపోయాక అఫ్జల్‌గంజ్‌లోని పాత ప్రాంగణం ఏమవ్వాలి? వారసత్వ కట్టడాన్ని కాపాడతామన్న హామీ ఒక్కటే చాలదు. మనుషులు మసలని భవనం గోడల్లో రావిమొక్కలు మొలవడానికి ఎంతో కాలం పట్టదు. అక్కడ ఆధునిక వైద్య పరిశోధన భవనం కట్టాలి. గుమ్మటాల భవనాన్ని కూల్చి కాదు. దాని వెనుక, తర్వాతి దశాబ్దాల్లో అవసరానికొకటిగా లేచిన బ్లాకుల్లో పనికిరానివి తీసేసి, ఆ జాగాలో కట్టాలి.

ఆ నేలకు పరిశోధన కొత్త కాదు. క్లోరోఫామ్ మత్తు ఎంతవరకు క్షేమమో తేల్చడానికి 1888, 1889ల్లో హైదరాబాద్ కమిషన్లు ప్రయోగాలు చేసింది, నాటి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని నడిపిన ఎడ్వర్డ్ లారీ చొరవతోనే. ఖర్చు నిజాం ప్రభుత్వానిది. రెండో విడతకు లండన్‌లోని లాన్సెట్ పత్రిక తన తరఫున వైద్యుడు లాడర్ బ్రంటన్‌ను పంపింది. ముందు ఆగేది శ్వాసే, గుండె కాదన్న వారి నిర్ధారణ ఆ తర్వాత నిలవలేదు. కానీ సందేహాన్ని ప్రయోగంతోనే తీర్చుకోవాలన్న పట్టుదల ఈ నగరానికి అప్పటికే ఉంది. ఆ ఆసుపత్రిని 1908 మూసీ వరద తుడిచిపెట్టాక, ఏడో నిజాం హయాంలో విన్సెంట్ ఎష్ రూపకల్పనతో ఇప్పటి భవనం లేచింది.

పాత వార్డులనే ల్యాబులుగా మారిస్తే సరిపోదా అనేవారున్నారు. సరిపోదు. ప్రమాదకర సూక్ష్మజీవులతో పనిచేసే గదుల్లో గాలి ఒత్తిడిని అదుపులో ఉంచాలి, పెద్ద పెద్ద గాలి గొట్టాలు వేయాలి. సున్నపు గోడలకు, గుమ్మటాలకు తూట్లు పొడవకుండా అది కుదరదు. పాత భవనానికి తరగతులు, గ్రంథాలయం, రోగుల రికార్డుల భాండాగారం నప్పుతాయి. బార్సిలోనాలోని సాంట్ పావ్ ఆసుపత్రి ఈ దారినే నడిచింది. 1997లో యునెస్కో గుర్తింపు పొందిన ఆ ప్రాంగణంలో వైద్యం 2009లో కొత్త భవనానికి మారింది, పాత మంటపాలను బాగుచేశారు, పరిశోధన సంస్థకు అక్కడే విడిగా కొత్త భవనం కట్టారు. పాత మంటపాల పింగాణీ పలకల అందానికి తగ్గట్టు దాని ముఖభాగాన్నీ పింగాణీతోనే తీర్చారు.

మంచాలు చాలని చోట పరిశోధనకు డబ్బేమిటన్నది న్యాయమైన ప్రశ్న. అయితే క్షయ, డెంగీ, మధుమేహం మన పేదల ఒంట్లో ఎలా ముదురుతాయో మన దగ్గర శోధించకపోతే, వేరే దేశాల రోగులపై తేలిన మోతాదులే వీరికి దిక్కవుతాయి. గోషామహల్ రెండు మూడు కిలోమీటర్ల లోపే కనుక రోగి నమూనా నిమిషాల్లో ల్యాబుకు చేరుతుంది. ఇక పాత భవనం ప్రమాదకరమన్న వాదన. 2020 జూలైలో వార్డుల్లో నిలిచింది వాననీరు, మురుగునీరు; అది కాలువల బాగోగులు చూడనివారి తప్పు, ఎష్ కట్టిన గోడలది కాదు. మరమ్మతులతో దాన్ని నిలబెట్టవచ్చని వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ నిపుణులు చెబుతూనే ఉన్నారు.

కాబట్టి భవన నమూనాలను ఆహ్వానించే ముందే ప్రభుత్వం షరతులను ఉత్తర్వుగా ఇవ్వాలి. కొత్త భవనం ఎత్తు గుమ్మటాలను మించకూడదు. మూసీ ఒడ్డున నేలమాళిగలో ల్యాబు, జనరేటరు పెట్టకూడదు. పాత గోడలను అదిరించే పునాది యంత్రాలను రానివ్వకూడదు. పాత భవనం మరమ్మతుకూ, కొత్త భవన నిర్మాణానికీ ఒకే టెండరు ఉండాలి. పాత భవనం పైకప్పు, మురుగు కాలువల మరమ్మతు పూర్తయిందని ఇంజినీర్లు రాసిచ్చాకే కొత్త భవనానికి తొలి బిల్లు చెల్లించాలి.