గేటు మూసిన డ్రమ్ము

కర్నూలు కుర్రాడొకడు అడిగాడు: 1980ల నాటి పాటల్లో డ్రమ్ము 'ఢాం' అని కొండంత మోగి, మరుక్షణం ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోతుందే, ఆ కిటుకేమిటని. కంప్యూటర్లో ఎంత తంటాలు పడ్డా తనకు రావడం లేదట.

హీరోయిన్ వయసెంత అని కాకుండా డ్రమ్ము సంగతి అడిగినందుకు ముందుగా ఓ దండం!

ఆ కిటుకు పేరు గేటెడ్ రివెర్బ్. పేరు చూసి జడుసుకోకండి. రివెర్బ్ అంటే మారుమోత. బెలుం గుహల్లోకి దిగి ఒక్క చప్పట్టు కొట్టండి. మీ చేతులు ఆగినా రాతిగోడలు ఆ చప్పుణ్ణి కాసేపు సాగదీస్తాయి. అదీ రివెర్బ్. ఇక గేటు సంగతి. సినిమా హాలు గేట్‌కీపరు మీకు తెలియనివాడా? టికెట్టున్నవాణ్ణి పంపి, లేనివాణ్ణి ఆపుతాడు. నాయిస్ గేటు కూడా అంతే. పెద్ద శబ్దాన్ని పోనిచ్చి సన్న శబ్దాన్ని ఆపేస్తుంది. మారుమోత సన్నగిల్లి చచ్చేదాకా ఆగకుండా, ఇంకా నిండుగా ఉండగానే ఈ గేటు మూశారనుకోండి. గుహంత మోత దక్కుతుంది, తర్వాతి దెబ్బకు చోటూ మిగులుతుంది!

దీన్ని కనిపెడదామని ఎవరూ కంకణం కట్టుకోలేదు. 1979లో లండన్ టౌన్‌హౌస్ స్టూడియోలో పీటర్ గేబ్రియల్ మూడో ఆల్బమ్ రికార్డింగు. డ్రమ్ముల దగ్గర ఫిల్ కాలిన్స్, మిక్సింగు బల్ల ముందు ఇంజనీరు హ్యూ పాడ్గమ్. లోపల వాద్యకారుల మాటలు వినడానికి ఆ గదిలో ఒక మైకు వేలాడుతుండేది. మూల నుంచి మాట్లాడినా వినపడాలని, చిన్న శబ్దాన్ని లేపి పెద్దదాన్ని అణిచే కంప్రెసర్ దానికి తగిలించారు. కాలిన్స్ వాయిస్తుండగా ఆ మైకు తెరిచారు. అంతే, గది గదంతా డ్రమ్మయి కూర్చుంది! దానికి నాయిస్ గేటు తోడయ్యేసరికి మోత కత్తిరించినట్టు ఆగింది. సింబల్స్ వాడొద్దని గేబ్రియల్ పెట్టిన నియమం కూడా కలిసొచ్చింది. 1980లో ఆ ఆల్బమ్‌లోని 'ఇన్‌ట్రూడర్', 1981లో కాలిన్స్ సొంత పాట 'ఇన్ ది ఎయిర్ టునైట్' వచ్చాక పాప్ లోకమంతా ఆ మోతే. తర్వాత ఏఎంఎస్ కంపెనీ ఆర్ఎంఎక్స్16 అనే డిజిటల్ పెట్టెలో అలాంటి మోతను ఒక మీటకు కట్టిపెట్టింది.

మద్రాసు రికార్డింగు థియేటర్లలోనూ 1980లలో సింథసైజర్లు, డ్రమ్ మెషిన్లు కుర్చీ వేసుకున్నాయి. మన కడప పెద్ద దర్గాకు వచ్చిపోయే ఎ.ఆర్.రెహమాన్, 1992 నాటి 'రోజా'కు ముందు రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించినవారే. మీట నొక్కితే మోత పలికే ఆ కాలంలో చెయ్యి తిరిగినవారన్నమాట.

ఇక మన కుర్రాడి కంప్యూటర్. ఇక్కడ వరస ముఖ్యం. ముందు డ్రమ్ము, తర్వాత రివెర్బ్, దాని వెనక గేటు. గేటును రివెర్బ్‌కు ముందు పెడితే మోతను ఆపే నాథుడే ఉండడు. గేటు తెరిచే ఆజ్ఞ మాత్రం మోత నుంచి కాక అసలు దెబ్బ నుంచే ఇప్పించండి. సైడ్‌చెయిన్ అనేది అందుకే. ఎంతసేపు తెరిచి ఉంచాలో పాట వేగమే చెబుతుంది. నిమిషానికి 120 దెబ్బల పాటైతే, దెబ్బకూ దెబ్బకూ మధ్య 500 మిల్లీసెకన్లు. గేటును 200 దగ్గర మూసి చూడండి. మిగతా 300 నిశ్శబ్దం. డ్రమ్మును అంత పెద్దది చేసేది ఆ నిశ్శబ్దమే!

అంతా బాగుంది గానీ, నాదొక పేచీ. ఈ హంగంతా ఎక్కడి నుంచో దించుకున్న రెడీమేడ్ చప్పుడుకేనా? సీమలో తప్పెట లేదా? మంటకు కాచి, తోలు బిగిశాక కొడితే ఆ దెబ్బ నిప్పురవ్వలా ఎగురుతుంది. ఆరుబయట చుట్టూ గోడలుండవు గనక దాని వెంట మారుమోతా ఉండదు. గేటెడ్ రివెర్బ్‌కు కావలసింది సరిగ్గా అలాంటి పొడి దెబ్బే. గుహను మీరు కంప్యూటర్లో కట్టుకోవచ్చు. దెబ్బను మాత్రం మనిషే కొట్టాలి.

సీమ అనగానే మన సినిమావాళ్లకు సుమోలు, బాంబులు, కొండారెడ్డి బురుజు గుర్తొస్తాయి. సీమ చప్పుడు గుర్తొచ్చేది ఎప్పుడో గానీ లేదు. ఊళ్లలో చూద్దామా అంటే, పెళ్లి ఊరేగింపుల్లో తప్పెట నిలబడాల్సిన చోట డీజే బాక్సులు నిలబడుతున్నాయి. బాక్సుకు అన్నం పెట్టక్కర్లేదు మరి! కానీ ఆ బాక్సుల్లో మోగే రీమిక్సులు చేసేది ఎవరు? మీలాంటి కుర్రాళ్లే గదా. అక్కడ ఏ చప్పుడు మోగాలో మీ చేతిలోనే ఉంది.

ఒక ఆదివారం మీ ఊరి తప్పెట కళాకారుణ్ణి పిలవండి. సెల్‌ఫోన్‌తోనైనా సరే, ఆరుబయట పది దెబ్బలు రికార్డు చేసుకోండి. మరీ దగ్గర పెడితే చప్పుడు పగులుతుంది, కాస్త ఎడంగా ఉంచండి. రివెర్బ్ వేయండి, గేటు మూయండి, వినండి.

పని అయ్యాక ఆయన చేతిలో డబ్బు పెట్టండి. పాటకు ఆయన పేరు వేయండి. ఎక్కడో లండన్లో దరువేసిన ఫిల్ కాలిన్స్ పేరు నలభై ఏళ్లు దాటినా మనం చెప్పుకుంటున్నాం. మన తప్పెటాయన పేరు పక్క వీధికైనా తెలియొద్దూ!