స్టెబిలైజర్ లింకులు కొనే ముందు బండి కిందకి ఓసారి వంగి చూడండి

ఈమధ్య మన కుర్రోళ్లు జీడితోటలకి, కొండవార పొలాలకి వెళ్లడానికి థార్లు, జిమ్నీలు తీసుకుంటున్నారు. మంచిదే. కానీ బండి వచ్చిన నెలకే వీడియోలు చూసి "చేత్తో విప్పుకొనే స్వే బార్ లింకులు ఏవి మంచివి బావా?" అని అడుగుతున్నారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మనలో చాలామందికి అవి అక్కర్లేదు. కావాల్సినవాళ్లకి కూడా లింకు కంటే, దాన్ని మళ్లీ బిగించే అలవాటే ముఖ్యం.

స్వే బార్ అంటే మన మెకానిక్కులు స్టెబిలైజర్ రాడ్డు అనేదే. ఎడమ చక్రాన్ని, కుడి చక్రాన్ని కలిపే ఇనప కడ్డీ. దాని రెండు చివర్లనీ చక్రాల వైపు పట్టి ఉంచేవి లింకులు. కాడి కట్టిన ఎడ్లనే చూడండి. ఒకటి గట్టెక్కితే రెండోదాని మెడ కూడా పైకి లాగుతుంది. ఇదీ అంతే. మలుపులో బండి ఒక పక్కకి ఒరిగిపోకుండా ఆపుతుంది. అదే కడ్డీ రాళ్ల గెడ్డలో ఒక చక్రం బండరాయి ఎక్కినప్పుడు రెండోదాన్ని కిందకి పూర్తిగా దిగనివ్వదు. ఆ చక్రం గాల్లో ఊరికే తిరుగుతుంది. లింకు విప్పడమంటే కాడి విప్పడమే.

ఇప్పుడు మీ బండి సంగతి. జిమ్నీకి ముందూ వెనకా గట్టి యాక్సిల్ ఉంది. ముందు లింకులు విప్పితే తేడా బాగా తెలుస్తుంది. 2020 తర్వాత వచ్చిన థార్‌కి ముందు చక్రాలు దేనికది విడిగా ఆడతాయి. అక్కడ చక్రం ఎంత దిగాలో ఆర్మ్‌లు, డ్రైవ్ షాఫ్టు జాయింట్లే హద్దు పెడతాయి. కాబట్టి లింకు విప్పినా లాభం తక్కువ. బొలేరో ముందు భాగం కూడా విడిగా ఆడేదే. పొలం దారికి, బురదకి ఈ బళ్లలో పెట్టాల్సిన డబ్బు లింకుల మీద కాదు. మంచి టైర్లు, గాలి కొలిచే గేజు, తిరిగి కొట్టుకునే పంపు, లాగే పట్టీ, అరిగిన బుష్‌ల మార్పు. ముందు ఇవి.

అయినా కొంటామంటే నాలుగు చూడండి. ఒకటి, పొడవు. బండి ఎత్తు పెంచితే లింకు కూడా ఆ మేరకు పొడవుండాలి. రెండు, జాయింటుకి రబ్బరు బూటు ఉందా. మన ఎర్రమట్టి, వానాకాలం బురద లోపలికి దూరితే జాయింటు త్వరగా అరిగి టకటకమంటుంది. మూడు, పిన్ను. తాడుతో కట్టి ఉండాలి, తాళం పడాలి. గడ్డిలో పడిన పిన్ను దొరకదు. నాలుగు, విప్పిన కడ్డీని పైకి కట్టే చోటు. వదిలేస్తే అది బ్రేకు గొట్టానికో టైరుకో తగులుతుంది. బండిని చదునైన చోట ఆపితేనే పిన్ను తేలిగ్గా వస్తుంది, తేలిగ్గా ఎక్కుతుంది. విప్పితే రెండు పక్కలా విప్పండి.

ఇక అసలు సంగతి. జీప్ రాంగ్లర్ రూబికాన్‌లో ముందు కడ్డీని మీట నొక్కి విడదీయొచ్చు. కానీ వేగం గంటకి 18 మైళ్లు, అంటే సుమారు 29 కిలోమీటర్లు దాటితే అదే తిరిగి కలుపుకుంటుంది. అంత ఖరీదైన బండి చేసినవాళ్లే ఆపైన నమ్మలేదు. మన చేతి పిన్నుకి ఆ తెలివి లేదు. అది మనకే ఉండాలి. కొండ దిగి, సందె వేళ అలసిపోయి, పైన జీడి బస్తాలు, వెనక నలుగురు మనుషులతో సాలూరు ఘాట్ మలుపులు దిగేవాడు పిన్ను మర్చిపోతే? బండి ఒరిగేది ఒక్కసారే. సీతంపేట వైపు దారైనా అంతే. ఎదుట వచ్చే ఆటోలో ఉన్నవాళ్లకి మన సరదాతో సంబంధం లేదు.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి అసలు వివరాలు మార్చడానికి హద్దులు పెట్టింది. బిగించే ముందు ఆర్టీవోని, బీమావాళ్లని అడగండి. అడగడానికి డబ్బు కాదు.

నా మాట ఇదే. జిమ్నీ ఉండి, నిజంగా రాళ్ల దారే రోజూ దారి అయితే కొనుక్కోండి. తారు కనబడగానే దిగి పిన్నులు పెట్టండి, చేత్తో లాగి చూడండి, అప్పుడే స్టీరింగు పట్టండి. ఆ రెండు నిమిషాల ఓపిక లేనివాళ్లు మాత్రం కంపెనీ లింకునే ఉంచుకోండి.