సనద్ కొనొద్దు, చదువుకోనివ్వండి

మన పిల్లలు సోమరులై పీఎంపీ ఇమ్తెహాన్ తప్పడం లేదు. మనమే తప్పిస్తున్నాం. ఈ మాట చేదుగా ఉంటుందని నాకు తెలుసు. కానీ నంద్యాలలో గానీ ఆళ్లగడ్డలో గానీ మన మొహల్లాల్లో సౌదీకో ఖతర్‌కో పిల్లాణ్ణి పంపిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అందుకే చెప్పక తప్పదు.

పీఎంపీ అంటే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్. అమెరికాలో 1969లో మొదలైన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్, అంటే పీఎంఐ, 1984 నుంచి ఇస్తున్న సనద్ ఇది. గల్ఫ్ కంపెనీల ఉద్యోగ ప్రకటనల్లో ఈ మూడు అక్షరాలు తరచూ కనిపిస్తాయి. సైట్ సూపర్‌వైజర్‌గా వెళ్లిన పిల్లాడు పదేళ్ల తర్వాత కూడా అదే ఎండలో నిలబడకుండా ఒక మెట్టు పైకెక్కడానికి ఇదొక సీఢీ. సీఢీ ఉన్న చోట బజార్ లేస్తుంది. ఆ బజార్‌లో అమ్మేవి రెండే సరుకులు. ఒకటి ఝూట్, ఇంకోటి బట్టీ.

ముందు ఝూట్ సంగతి. ఈ ఇమ్తెహాన్‌కు కూర్చోవాలంటే తజుర్బా చూపాలి. డిగ్రీ ఉన్నవాళ్లకు 36 నెలలు, డిప్లొమా వాళ్లకు అంతకంటే ఎక్కువ కాలం ప్రాజెక్టులు నడిపిన అనుభవం. దాంతోపాటు 35 గంటల శిక్షణ. ఇక్కడే దలాల్ దిగుతాడు. ‘అన్నా, ఎక్స్‌పీరియన్స్ మేమే రాసిపెడతాం, మీరు సంతకం చేస్తే చాలు’ అని ఒకాయన నాకే చెప్పాడు, మా ఇంటి పిల్లాడి కోసం అడిగితే. చాయ్ తాగుతూ, ఏ షరమ్ లేకుండా చెప్పాడు. పక్కన కూర్చున్న పెద్దమనిషి ‘అందరూ అదే కదా చేసేది’ అని తల ఊపాడు. ఐదు పూటలా మసీదులో మొదటి సఫ్‌లో నిలబడే మనిషి! చేయని పని చేశానని కాగితం మీద రాసి సంతకం పెట్టడాన్ని మన దీన్‌లో ఏమంటారో ఆయనకు నేను చెప్పాలా? ఝూటీ గవాహీ నోటితో ఇస్తే గునాహ్, ఆన్‌లైన్ ఫారంలో ఇస్తే మాఫీ అని ఏ ఆలిమ్ చెప్పాడు?

దీన్ పక్కన పెట్టి దునియా లెక్కే చూద్దాం. పీఎంఐ కొన్ని దరఖాస్తులను ఏరి ఆడిట్ చేస్తుంది. పనిచేసిన చోట పైవాళ్ల ధ్రువీకరణ అడుగుతుంది. అక్కడ దలాల్ కనబడడు. పిల్లాడి పేరు ఒక్కటే మిగులుతుంది.

అసలు విషాదం ఏమిటంటే, చాలామందికి ఆ ఝూట్ అవసరమే లేదు. ఆ ఫారం ‘ప్రాజెక్ట్ మేనేజర్’ అనే హోదా ఉందా అని అడగదు. పని నడిపించావా అని అడుగుతుంది. దమ్మామ్‌లో ఇరవై మంది కూలీలకు పని పంచి, సిమెంటు ఎప్పుడొస్తుందో లెక్క కట్టి, స్లాబు గడువు దాటకుండా చూసినవాడు ప్రాజెక్టు నడిపినవాడే. ఐదేళ్లు సచ్చాగా చేసిన మెహనత్‌ను కూర్చుని, తారీకులతో సహా, సొంత మాటల్లో రాసుకుంటే చాలు. అది రాయడం చేతకాక, రాయించే ఓపిక మనకు లేక, పరాయి ఝూట్ కొనుక్కుంటున్నాం.

రెండో సరుకు బట్టీ. పాత పుస్తకంలో 49 ప్రక్రియలు ఉండేవి. వాటిని వరసగా వల్లెవేయించే కోచింగులు ఇంకా ఉన్నాయి. పీఎంఐ గైడ్ ఏడో ఎడిషన్ 2021లో వచ్చినప్పుడు ఆ 49 ప్రక్రియలను పక్కకు జరిపి 12 సూత్రాలను ముందు పెట్టింది. 2021 జనవరిలో మార్చిన నమూనాలో 180 ప్రశ్నలు, 230 నిమిషాలు, మధ్యలో రెండు చిన్న విరామాలు పెట్టారు. అంటే ప్రశ్నకు 77 సెకన్లు కూడా పూర్తిగా రావు. నమూనా మారుతుంటుంది కాబట్టి ఫీజు కట్టేముందు పీఎంఐ సైట్‌లోనే చూసుకోవాలి, దలాల్ మాట మీద కాదు. ప్రశ్నలు ఎలా ఉంటాయంటే, ‘పని మధ్యలో కస్టమర్ కొత్త కోరిక తెచ్చాడు, నువ్వు మొదట ఏం చేస్తావు?’ నాలుగు జవాబులూ సరైనవిలాగే కనిపిస్తాయి. వాటిలో మొదట చేయాల్సింది ఒకటే. వల్లె వేసినవాడు అక్కడ బోర్లా పడతాడు. ఇక లీకైన ప్రశ్నలంటూ ఫోన్లలో తిరిగే కట్టలు చోరీ మాల్. వాటిలో సగం జవాబులు తప్పైనా అడగడానికి దుకాణం ఉండదు.

మరి ఎలా చదవాలి? మన చుట్టూ ఉన్నదాన్నే చదవాలి.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని తెలుగువాళ్లు ఊరికే అనలేదు. రెండూ ప్రాజెక్టులే. గడువు ఉంటుంది, బడ్జెట్ ఉంటుంది, అలిగే మామూ ఉంటాడు. ఇమ్తెహాన్‌లో అతన్నే స్టేక్‌హోల్డర్ అంటారు. ఆళ్లగడ్డలో ఒక ఇల్లు 20 లక్షలతో పది నెలల్లో కట్టాలనుకున్నారు. ఐదు నెలలు గడిచాయి. సగం పని, అంటే 10 లక్షల విలువైన పని అయిపోయి ఉండాలి. కానీ అయింది 40 శాతమే, అంటే 8 లక్షల విలువ. ఖర్చు మాత్రం 10 లక్షలు. ఎనిమిదిని పదితో భాగిస్తే 0.8. ఇదే తీరు సాగితే ఇల్లు పూర్తయ్యేసరికి 20 లక్షలను 0.8తో భాగించినంత, అంటే 25 లక్షలు అవుతుంది. కోచింగులో దీనికి ‘ఎర్న్‌డ్ వాల్యూ’ అని పేరుపెట్టి భయపెడతారు. మన మేస్త్రీ దీన్ని వేళ్ల మీద చెబుతాడు: ‘భాయ్, ఇంకో ఐదు లక్షలు చూసుకో.’

ఆళ్లగడ్డ శిల్పి ఉలి పట్టకముందే కొలతలన్నీ ఖరారు చేసుకుంటాడు. ఎగిరిపోయిన రాతి ముక్క తిరిగి అతకదు. ఇది ముందే ప్లాన్ గీసుకుని నడిచే పద్ధతి. మా పత్రికాఫీసులో పేజీ రాత్రిదాకా గంటకోసారి మారుతుంది. అది అజైల్. స్లాబు రోజు వాన పడొచ్చు అనుకోవడం రిస్క్, పడ్డాక అది ఇష్యూ. ఈ ఫర్క్ తెలియక మార్కులు పోగొట్టుకునేవాళ్లున్నారు.

ఇంకా పెద్ద సబక్ కావాలంటే నంద్యాల పొలాలకు నీళ్లిచ్చే కేసీ కెనాల్ చూడండి. కర్నూలు–కడప కాలువను 1860లలో తవ్వింది సర్కార్ కాదు, ఒక ప్రైవేటు కంపెనీ. పెట్టుబడికి 5 శాతం వడ్డీ గ్యారంటీ సర్కార్ ఇచ్చింది. ఖర్చు అదుపు తప్పింది, అనుకున్న ఆమ్దనీ రాలేదు, చివరికి 1882లో సర్కారే కాలువను కొనుక్కుంది. కంపెనీ హిసాబ్‌లో అది నాకామ్. రైతు హిసాబ్‌లో ఈ రోజుకీ అన్నం పెట్టే కాలువ. గడువు, ఖర్చు ఒక లెక్క, చివరికి ఎవరికి ఏ ఫాయిదా అందింది అన్నది ఇంకో లెక్క. ఈ రెండూ వేరని తెలుసుకోవడమే ఈ ఇమ్తెహాన్‌లో సగం ఇల్మ్.

‘మావాడు ఉర్దూ మీడియం, ఇంగ్లిష్ ఇమ్తెహాన్ ఏం రాస్తాడు’ అనే అమ్మీ–అబ్బాలకు ఒక మాట. నేను ఉర్దూ మీడియంలో చదివాను, తెలుగులో డిగ్రీ చేశాను, తెలుగు రాసి బతుకుతున్నాను. ఏ జబాన్ అయినా రోజూ వాడితే లొంగుతుంది. ఈ ఇమ్తెహాన్‌కు షేక్‌స్పియర్ ఇంగ్లిష్ అక్కర్లేదు. రెండు మూడు వందల మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి. వాటిని ఒక కాపీలో రాసి, పక్కన తెలుగులోనో ఉర్దూలోనో తర్జుమా రాసుకోవాలి. పీఎంఐ నైతిక నియమావళిలో నాలుగు విలువలున్నాయి: బాధ్యత, గౌరవం, న్యాయం, నిజాయితీ. జిమ్మేదారీ, ఇజ్జత్, ఇన్సాఫ్, సచ్చాయీ. ఈ నాలుగూ మన ఇళ్లలో నాన్నమ్మలు నేర్పినవే. పిల్లలకు రానిది ఇంగ్లిష్ కాదు, మనం ఇవ్వనిది వక్త్.

సాయంత్రం పుస్తకం పట్టుకుంటే ‘బేటా, గ్యాస్ సిలిండర్ తే’, ‘చాచా వాళ్లొచ్చారు, వచ్చి కూర్చో’. వలీమాలో ఇంకో వంటకం పెంచడానికి అప్పు పుడుతుంది, ఇమ్తెహాన్ ఫీజు అనగానే జేబు చిన్నదవుతుంది. ఇక ఆడపిల్ల సంగతి. బీటెక్ చేసి రెండేళ్లు ఆఫీసులో టీమ్‌ను నడిపిన బిడ్డను రిష్తా కుదిరిందని మాన్పిస్తాం. 36 నెలల లెక్కలో ఆమెకు మిగిలింది పన్నెండే. ఆ ఏడాది ఆగలేమా? మరీ పాతబడిన తజుర్బా ఆ ఫారంలో చెల్లదని కూడా గుర్తుంచుకోండి. తర్వాత చూద్దాం అంటే ఆమె మెహనత్ కరిగిపోతుంది.

అడిగేది ఎక్కువేం కాదు. మూడు నెలలు, ఫజర్ తర్వాత రెండు గంటలు ఆ పిల్లను గానీ పిల్లాణ్ణి గానీ ఎవరూ పిలవకండి. వారానికోసారి పూర్తి నమూనా ఇమ్తెహాన్ ఒకే బైఠక్‌లో రాయనివ్వండి. తప్పిన ప్రతి ప్రశ్నకు ఎందుకు తప్పిందో కాపీలో రాయమనండి. ఇంట్లో జగా లేకపోతే మసీదు కమిటీ వాళ్లు మక్తబ్ గది ఇషా తర్వాత తెరిచి ఉంచాలి. ఒక బల్బు, ఒక ఫ్యాను ఖర్చు. ఇంటికి దలాల్ వస్తే చాయ్ ఇవ్వండి, మెహమాన్ కదా. సంతకం మాత్రం ఇవ్వకండి.