మరిగిస్తే చిక్కబడే విషం

2014 ఆగస్టు 2 తెల్లవారుజామున అమెరికాలోని టొలెడో నగరవాసులకు ఓ హెచ్చరిక అందింది. కుళాయి నీళ్లు తాగొద్దు, కాచి చల్లార్చి కూడా తాగొద్దు. ఈరీ సరస్సు నీళ్లే ఆధారమైన నాలుగు లక్షల మందికి పైగా జనం సీసా నీళ్ల కోసం పరుగులు తీశారు. మూడో రోజుకి గానీ నిషేధం తొలగలేదు.

కారణం సరస్సులో పేరుకున్న పాచి. వాడుకలో నాచు అన్నా, నిజానికది మైక్రోసిస్టిస్ అనే సయనోబ్యాక్టీరియా. అది తయారుచేసే మైక్రోసిస్టిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మరిగించినా ఈ విషం విరగదు. నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢతే పెరుగుతుంది. వాసననీ నమ్మలేం. మట్టివాసన తెచ్చే జియోస్మిన్ హాని చేయదు, ఈ విషానికేమో వాసనే లేదు.

నీళ్లు పచ్చబడగానే ఎవరికైనా తోచేది పాచిని చంపేయడం. చిక్కంతా అక్కడే.

ఆస్ట్రేలియాలోని పామ్ ద్వీపంలో 1979లో జరిగింది అదే. సాలమన్ డ్యామ్ నీళ్లు బాగాలేవని జనం ఫిర్యాదు చేస్తే అధికారులు మైలుతుత్తం కలిపించారు. కొద్ది రోజులకే 148 మంది జబ్బుపడ్డారు, వారిలో అత్యధికులు పిల్లలు. చచ్చిన కణాలు పగిలి, లోపలి విషాన్ని నీళ్లలోకి వదలడమే కారణమని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం.

అందుకే శుద్ధి కేంద్రంలో ఏ మందు వేయాలన్నదానికన్నా ఏది ముందు వేయాలన్నదే కీలకం. పటిక వేసి తేరిస్తే కణాలు పగలకుండానే అడుగుకు దిగుతాయి. ఆ బురదను వెంటనే తీసేయాలి, నిల్వ ఉంచితే కణాలు అందులోనే చితికిపోతాయి. క్లోరిన్ వంతు వడపోత తర్వాతే. ముందే వేస్తే విషం నీళ్లలో కరిగిపోతుంది, ఇసుక ఫిల్టర్ దాన్ని ఆపలేదు. అప్పుడిక యాక్టివేటెడ్ కార్బన్ పొడి వాడక తప్పదు, దానికి ఖర్చు ఎక్కువ.

ఇంత చేసినా అది కుళాయి చివర జరిగే పోరాటమే. ఈరీలో పాచికి మేత మౌమీ నది మోసుకొచ్చే భాస్వరం. మొక్కజొన్న, సోయా పొలాల ఎరువుల నుంచి వచ్చేదే అందులో సింహభాగం. దాన్ని 2025 కల్లా 40 శాతం తగ్గిస్తామని అమెరికా రాష్ట్రాలు ఒహాయో, మిషిగన్, కెనడాలోని అంటారియో 2015లో ఒప్పుకున్నాయి. ఆ తర్వాతా సరస్సు వేసవుల్లో పచ్చబడుతూనే ఉంది.

కాలువలు కట్టేసే ముందు నింపుకున్న చెరువు నీళ్లతోనే వేసవి గడిపే మన డెల్టా గ్రామాలకూ ఇది పరాయి సమస్య కాదు. నిలిచిన నీరు, ఎండ, ఎరువు ఇక్కడా ఉన్నాయి. నీళ్లు పచ్చబడితే బ్లీచింగ్ మోతాదు పెంచే ముందు ఆ పాచి ఏ జాతిదో సూక్ష్మదర్శినిలో చూడాలి. ఆ ఏర్పాటు జిల్లా స్థాయిలోనైనా ఉండాలి.