గ్రంథపాలకుల సేవ కాలక్షేపం కాదు

సంపాదకులకు,

అమెరికాలోని ప్రాంతీయ సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ సమ్మేళనాలపై గత సంచికలో వెలువడిన వ్యాసం, వాటిలో స్వచ్ఛందంగా పనిచేసే గ్రంథపాలకులను సరదా కోసం వచ్చినవారిగా తీసిపారేయడం సమంజసం కాదు. బోస్టన్‌లో ఏటా జరిగే బోస్కోన్ వంటి సమ్మేళనాలను పేర్ల నమోదు నుంచి చర్చావేదికల దాకా ప్రధానంగా జీతం తీసుకోని కార్యకర్తలే నడుపుతారు. వారిలో గ్రంథపాలకులు ఉండటం వల్ల కలిగే మేలు ఫ్యాంజైన్ల విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఫ్యాంజైన్లు అంటే అభిమానులే రాసి, ఒకప్పుడు స్టెన్సిల్ కాగితం ద్వారా ప్రతులు తీసే మిమియోగ్రాఫ్ యంత్రం మీద అచ్చువేసి పంచుకున్న చిన్న పత్రికలు. పిన్నులు తుప్పుపట్టి, తేదీ లేక, సంపాదకుడి పేరు స్థానంలో మారుపేరు మాత్రమే మిగిలిన ప్రతిని సూచికలో సరైన చోట చేర్చాలంటే వర్గీకరణ శాస్త్రం ఒక్కటే చాలదు, ఆ అభిమానులతో ఏళ్ల తరబడి మెలిగిన పరిచయమూ కావాలి. దశాబ్దాలపాటు సమ్మేళనాలకు హాజరైన రస్టీ హెవెలిన్ కూడబెట్టిన ఫ్యాంజైన్లు నేడు అయోవా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పరిశోధకులకు అందుబాటులో ఉన్నాయి. ఇటువంటి సంపద గ్రంథాలయాలకు చేరడానికి అభిమానులకూ గ్రంథపాలకులకూ నడుమ నమ్మకం అవసరం గనుక, ఆ సేవను వృత్తిలో భాగంగానే గుర్తిస్తూ రానున్న సంచికలో సవరణ ప్రచురించాలని మనవి.

— ఒక పాఠకుడు