అప్పు పుడుతోంది.. కొలువేదీ?

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో స్వయం ఉపాధి రుణాల తీరు

పథకాలకు కొదవ లేదు. 1993 అక్టోబరు 2న ప్రధానమంత్రి రోజ్‌గార్ యోజన వచ్చింది. 1999లో స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజన, 2008లో ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం (పీఎంఈజీపీ), 2015లో ముద్ర, 2016లో స్టాండప్ ఇండియా, 2023లో విశ్వకర్మ యోజన, 2025లో రాష్ట్ర ప్రభుత్వ రాజీవ్ యువ వికాసం.. ఇలా మూడు దశాబ్దాలుగా పేర్లు మారుతూనే ఉన్నాయి. దరఖాస్తు ఫారం పోయి ఆన్‌లైన్ వచ్చింది. అయినా దేవరకొండ నుంచి హైదరాబాద్‌కు, మక్తల్ నుంచి ముంబయి, పుణెలకు వెళ్లే బస్సులు మాత్రం ఖాళీగా వెళ్లడం లేదు. ఊళ్లో పని పుట్టించాల్సిన రుణం ఎక్కడ దారి తప్పుతోందన్నది పరిశీలించాల్సిన విషయం.

2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనతో నల్గొండ మూడు జిల్లాలైంది. పాలమూరు తొలుత నాలుగైంది. 2019లో నారాయణపేట ఏర్పాటుతో అయిదుకు చేరింది. కలెక్టరేట్లు పెరిగాయి, పరిశ్రమల కేంద్రాలు పెరిగాయి. రుణం ఇచ్చే అధికారం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. అంతెందుకు, ఇంకాస్త దూరం జరిగింది. ఒకప్పుడు పాలమూరుకు సంగమేశ్వర గ్రామీణ బ్యాంకు, నల్గొండ పల్లెలకు నాగార్జున గ్రామీణ బ్యాంకు ఉండేవి. 2006లో ఆ రెండూ వరంగల్ కేంద్రంగా ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులో కలిశాయి. 2025 జనవరి 1న ఇక్కడి శాఖలన్నీ తెలంగాణ గ్రామీణ బ్యాంకులో విలీనమయ్యాయి. విలీనాల వల్ల బ్యాంకు బలపడి ఉండవచ్చు. కానీ ఫలానా ఊళ్లో ఫలానా కుటుంబం మాట మీద నిలబడుతుందని ఎరిగిన మేనేజరు స్థానంలో ఇప్పుడు కంప్యూటర్ తెరపై కనిపించే మూడంకెల స్కోరు కూర్చుంది.

స్కోరు చుట్టూ తిరకాసు

ఈ రెండు జిల్లాల్లో అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఇక్కడి యువతలో ఎక్కువమంది రైతు బిడ్డలే. ఇంట్లో పట్టా పాసుపుస్తకం ఉంటే దానిపై పంట రుణం ఉంటుంది. 2018 ఎన్నికల్లో లక్ష రూపాయల వరకు రుణమాఫీ హామీ వచ్చింది. మాఫీ అవుతుంది కదా అని చాలామంది రైతులు రుణాలు రెన్యువల్ చేసుకోలేదు. ఆ హామీ విడతలవారీగా నడిచి 2023 దాకా సాగింది. వడ్డీ పెరిగింది, ఖాతాలు మొండి బకాయిల పద్దులోకి జారాయి. తరువాత వచ్చిన ప్రభుత్వం 2024 జులై 18న లక్ష, నెలాఖరున లక్షన్నర, ఆగస్టు 15న రెండు లక్షల వరకు మాఫీ అమలు చేసింది. రెండు లక్షలు దాటినవారు పైసొమ్ము ముందుగా కట్టాలన్న షరతు వద్ద ఆగిపోయారు. ప్రభుత్వం అప్పు తీర్చినా, గడువు దాటిన నెలల మచ్చ మాత్రం రుణచరిత్రలో ఉండిపోతుంది. దుకాణం కోసమో, మిల్లు కోసమో అదే రైతు బ్యాంకు మెట్లెక్కితే ‘సిబిల్ బాగాలేదు’ అన్న ఒక్క మాటతో కథ ముగుస్తోంది. అన్న పేరిట రుణానికి జామీను సంతకం చేసిన తమ్ముడికీ ఇదే గతి.

మాఫీ మంచిదా చెడ్డదా అన్న వాదన ఇక్కడ అప్రస్తుతం. ప్రకటనకూ అమలుకూ మధ్య అయిదేళ్లు గడిస్తే, ఆ అయిదేళ్ల భారం మరో పథకం కింద దరఖాస్తు చేసుకున్న వాడి నెత్తిన పడుతోందన్నదే విషయం. ప్రభుత్వం ఆలస్యం చేసిన కాలానికి రైతు ఎగవేతదారుగా నమోదు కావడం ఏ న్యాయమో బ్యాంకర్ల సమావేశాల్లోనే తేలాలి.

రాజీవ్ యువ వికాసం దీనికి తాజా ఉదాహరణ. 2025 మార్చిలో దరఖాస్తులు ఆహ్వానించారు. అంచనా రూ.6 వేల కోట్లు, లక్ష్యం అయిదు లక్షల మంది యువత. రూ.50 వేల యూనిట్‌కు పూర్తి రాయితీ, లక్ష వరకు 90 శాతం, రెండు లక్షల వరకు 80 శాతం, నాలుగు లక్షల వరకు 70 శాతం రాయితీ అన్నారు. రాష్ట్రవ్యాప్తంగా 16 లక్షలకు పైగా దరఖాస్తులు వెల్లువెత్తాయి. అంటే ఒక యూనిట్‌కు ముగ్గురు పోటీ. కుల, ఆదాయ ధ్రువపత్రాల కోసం మీసేవ కేంద్రాల వద్ద బారులు తీరారు. జూన్ 2న రాష్ట్ర అవతరణ దినోత్సవం నాడు మంజూరు పత్రాలు ఇస్తామని ప్రకటించి, తీరా సమయానికి వాయిదా వేశారు. రాయితీ 70 శాతమైనా మిగతా 30 శాతం ఇవ్వాల్సింది బ్యాంకే. ఆ బ్యాంకు చూసేది స్కోరునే.

రాయితీ చేతికి రాదు

పీఎంఈజీపీ విషయంలో పల్లెల్లో ఇప్పటికీ ఒక అపోహ బలంగా ఉంది. రాయితీ అంటే నోట్ల కట్ట చేతికి వస్తుందని చాలామంది నమ్మకం. దళారులు బతికేది ఈ నమ్మకం మీదే. నిజానికి పద్ధతి వేరు. గ్రామీణ ప్రాంతానికి చెందిన బీసీ మహిళ పది లక్షల రూపాయలతో విస్తరాకుల యూనిట్ పెట్టదలచిందనుకుందాం. ఆమె సొంత వాటా అయిదు శాతం, అంటే రూ.50 వేలు. మిగతా తొమ్మిదిన్నర లక్షలు బ్యాంకు మంజూరు చేయాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళలకు గ్రామాల్లో రాయితీ 35 శాతం కాబట్టి మూడున్నర లక్షలు ప్రభుత్వం నుంచి వస్తాయి. అయితే ఆ సొమ్ము మూడేళ్లపాటు ఆమె పేరిట బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది. దానిపై వడ్డీ రాదు, అంతమేరకు రుణంపైనా వడ్డీ పడదు. మూడేళ్లు యూనిట్ నడిచిందని తనిఖీలో తేలితేనే రుణంలో జమ చేస్తారు. మధ్యలో మూతపడితే ఆ సొమ్ము వెనక్కి పోతుంది. మిగిలిన ఆరు లక్షలకు 11 శాతం వడ్డీ వేసుకుంటే అయిదేళ్లపాటు నెలకు 13 వేల రూపాయల చిల్లర కట్టాలి. కరెంటు బిల్లు, కూలి, ముడిసరకు పోను నెలకు అంత మిగలాలన్న లెక్క వేసుకోకుండా దిగినవారే దెబ్బతింటున్నారు. ఆ లెక్క వేసి చెప్పే తీరిక ప్రాజెక్టు రిపోర్టు రాసిచ్చే కన్సల్టెంటుకు ఉండదు. ఆయనకు కావలసింది ఫీజు.

2022లో ఈ పథకం పరిమితిని తయారీ రంగానికి రూ.50 లక్షలకు, సేవారంగానికి రూ.20 లక్షలకు పెంచారు. అంతకుముందు 2020లోనే కలెక్టర్ ఆధ్వర్యంలోని కమిటీ పరిశీలనను తొలగించి దరఖాస్తులను నేరుగా బ్యాంకులకు పంపే ఏర్పాటు చేశారు. సిఫార్సుల బెడద తగ్గిన మాట వాస్తవమే. బ్యాంకు ఎందుకు తిరస్కరించిందని అడిగే దిక్కు కూడా దాంతోపాటే పోయింది.

చాలామందికి తెలియని మరో నిబంధన ఉంది. సూక్ష్మ, చిన్న సంస్థలకు పది లక్షల రూపాయల వరకు ఎలాంటి ఆస్తి తనఖా అడగరాదని రిజర్వు బ్యాంకు 2010లోనే బ్యాంకులను ఆదేశించింది. అప్పు మునిగితే బ్యాంకుకు భరోసా ఇచ్చేందుకు 2000లోనే రుణ హామీ నిధి ఏర్పాటైంది. ముద్ర రుణాలకు ప్రత్యేకంగా మరో హామీ నిధి ఉంది. అయినా ఇంటి కాగితాలు తెమ్మనే మేనేజర్లు ఉన్నారు, తెచ్చిచ్చే అమాయకులూ ఉన్నారు.

నేతన్నకు చాలని పెట్టుబడి

పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం, గద్వాల, నారాయణపేట.. ఒకే రుణం పది చేతులకు పని ఇవ్వగల చోట్లు ఏవంటే ఇవే. చీర మగ్గం మీద ఒక్కరే నేసినా, నూలు తీయడం, ఆసు పోయడం, చిటికి కట్టడం, రంగులద్దడం అన్నీ కలిస్తే ఇల్లంతా పనిలో ఉంటుంది. పోచంపల్లి ఇక్కత్, గద్వాల, నారాయణపేట చీరలతోపాటు పుట్టపాక తేలియా రుమాలుకూ భౌగోళిక గుర్తింపు దక్కింది. పేరుకు లోటు లేదు. లోటు పెట్టుబడిలోనే.

చేనేత ముద్ర కింద ఆరు శాతం వడ్డీకే రుణం ఇస్తారు. మిగతా వడ్డీని ఏడు శాతం వరకు కేంద్రమే భరిస్తుంది. 20 శాతం మార్జిన్ మనీ, గరిష్ఠంగా రూ.25 వేలు, కూడా ఇస్తుంది. కాగితం మీద ఇంతకంటే మంచి పథకం కనిపించదు. అయితే పట్టు ఇక్కత్‌లో ఒక వార్పు అంటే ఏడెనిమిది చీరలు. పట్టు కొని, రంగులు కొని, ఆ చీరలన్నీ నేసి అమ్మేదాకా ఇల్లు గడవాలి. శిశు రుణం కింద వచ్చే రూ.50 వేలలోపు సొమ్ము ఈ చక్రం ఒక్కసారి తిరగడానికి కూడా చాలదు. దాంతో నేతన్న మళ్లీ మాస్టర్ వీవర్ గడపే తొక్కుతున్నాడు. నూలు ఆయనది, డిజైన్ ఆయనది, చీరా ఆయనదే. నేతన్నకు మిగిలేది కూలి. బ్యాంకు రుణం పాత అప్పుకో, పిల్లల ఫీజుకో సరి. సంఘానికి అమ్మిన వారికీ సొమ్ము సకాలంలో అందుతుందన్న నమ్మకం లేదు. బకాయిల కోసం సంఘాల సభ్యులు రోడ్డెక్కిన సందర్భాలున్నాయి. చిన్న సంస్థల సరకుకు 45 రోజుల్లో సొమ్ము చెల్లించాలన్న చట్టం 2006 నుంచి ఉంది. మగ్గం దాకా అది వచ్చినట్లు కనిపించదు.

విచిత్రమేమంటే, చేతివృత్తుల కోసమని 2023 సెప్టెంబరు 17న మొదలైన విశ్వకర్మ యోజనలోని 18 వృత్తుల్లో చేనేత లేదు. చేపల వల అల్లేవారు ఉన్నారు, చీర నేసేవారు లేరు. చేనేతకు వేరే పథకాలున్నాయన్నది దీనికి చెప్పే జవాబు.

రుణం దొరకనివాడు ఏం చేయగలడో ఆలేరు మండలం శారాజీపేట ఒకసారి చూపించింది. తల్లి ఆసు పోయలేక పడుతున్న అవస్థ చూసి, చదువు మధ్యలోనే మానేసిన చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రాన్ని తయారుచేశారు. కొంతకాలం హైదరాబాద్‌లో పనిచేసి, కూడబెట్టిన కూలి డబ్బులతో విడిభాగాలు కొన్నారు. 2017లో పద్మశ్రీ వరించింది. నేటి పీఎంఈజీపీ నిబంధనల ప్రకారం పది లక్షలు దాటిన తయారీ యూనిట్‌కు ఎనిమిదో తరగతి ఉత్తీర్ణత తప్పనిసరి. ఎనిమిదికి ముందే చదువు మానేసినవారు ఇప్పుడు పెద్ద యూనిట్‌కు దరఖాస్తు చేస్తే మొదటి గడిలోనే ఆగిపోతారు.

తిరిగి కట్టక్కర్లేని పది లక్షలు

అప్పే వద్దు, పెట్టుబడి ఉచితంగా ఇద్దామన్న ప్రయోగం కూడా ఈ గడ్డమీదే జరిగింది. దళితబంధు కింద కుటుంబానికి పది లక్షల చొప్పున 2021 ఆగస్టులో తుర్కపల్లి మండలం వాసాలమర్రిలోని 76 దళిత కుటుంబాలకు రూ.7.60 కోట్లు విడుదల చేశారు. తరువాత ఎంపిక చేసిన నాలుగు మండలాల్లోనూ రెండు, తిరుమలగిరి, చారకొండ, ఈ ఉమ్మడి జిల్లాలవే. బ్యాంకు ప్రమేయం లేదు, జామీను లేదు, స్కోరు లేదు. శతాబ్దాలుగా ఆస్తికి దూరమైనవారి చేతికి తొలిసారి పెట్టుబడి వచ్చిందన్నది కాదనలేని సత్యం. కానీ ఎంపికల్లో కార్లు, ట్రాక్టర్లు, వ్యానులే ఎక్కువ. ఒకే ఊళ్లో అన్ని బండ్లకూ కిరాయి ఎక్కడిది? బ్యాంకు లేకపోతే సమస్య తీరుతుందనుకున్నవారికి గిరాకీ అన్నది మరో సమస్యగా ఎదురైంది. 2023 చివర్లో ప్రభుత్వం మారాక కొత్త మంజూరులూ ఆగాయి.

అతివల దారి వేరు

ఈ నిరాశల మధ్య ఆడవాళ్ల సంఘాలది కాస్త భిన్నమైన కథ. 2000లో వెలుగు పథకం మొదలైన ఆరు వెనుకబడిన జిల్లాల్లో పాలమూరు ఒకటి. తరువాత పావలా వడ్డీ, వడ్డీలేని రుణాలు, 2011లో స్త్రీనిధి వచ్చాయి. మైక్రోఫైనాన్స్ సంస్థల వారం వారం వసూళ్ల వేధింపులు శ్రుతిమించి 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చినప్పుడు, సంఘాల పొదుపు ఎంత విలువైనదో అందరికీ తెలిసొచ్చింది. ఇంతకాలం ఆ రుణాలు గేదె, కిరాణం, కుట్టుమిషన్ దాటలేదు. ఇప్పుడు సంఘాలే యజమానులుగా పెద్ద యూనిట్లు మొదలయ్యాయి. నారాయణపేటలో జిల్లా మహిళా సమాఖ్య పెట్రోలు బంకును 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి ప్రారంభించారు. ఇక్కడ రుణం ఒక మనిషి స్కోరు మీద కాక సమాఖ్య చరిత్ర మీద నిలబడింది. జీతానికి పనిచేసేవారూ స్థానిక మహిళలే. ఒక్క బంకుతో జిల్లా మారదు. రుణం ఉద్యోగంగా మారే తీరు మాత్రం అక్కడ కంటికి కనిపిస్తుంది.

లెక్కలో లేని కాలమ్

ముద్ర పదేళ్లు పూర్తయిన 2025 ఏప్రిల్ నాటికి దేశవ్యాప్తంగా 52 కోట్ల రుణాలు, రూ.32 లక్షల కోట్లకు పైగా ఇచ్చినట్లు కేంద్రం ప్రకటించింది. భాగిస్తే రుణానికి 62 వేల రూపాయల చిల్లర. కేంద్ర కార్మికశాఖ లేబర్ బ్యూరో సర్వే 2015 నుంచి 2017 చివరి వరకు ముద్ర వల్ల 1.12 కోట్ల అదనపు ఉపాధి కలిగిందని తేల్చింది. అదే సర్వేలో, రుణం పొందిన ప్రతి అయిదుగురిలో కొత్త వ్యాపారం పెట్టింది దాదాపు ఒక్కరేనని కూడా వెల్లడైంది. మిగతావారు ఉన్నదాన్నే నిలుపుకొన్నారు, లేదా కాస్త పెంచుకున్నారు. ఇదీ అవసరమే. కానీ దీన్ని ఉద్యోగాల సృష్టిగా చూపడం అతిశయోక్తి. పీఎంఈజీపీలోనైతే యూనిట్‌కు ఎనిమిది మంది చొప్పున ఉపాధి లెక్కగట్టడం ఆనవాయితీ. పిండిగిర్నీ పెట్టినా ఎనిమిదే, ఫొటో స్టూడియో పెట్టినా ఎనిమిదే.

మూడు నెలలకోసారి కలెక్టరేట్లో జరిగే జిల్లా సంప్రదింపుల కమిటీ సమావేశంలో లక్ష్యం ఎంత, మంజూరు ఎంత, శాతం ఎంత అన్న పట్టికలు చదువుతారు. మూడేళ్ల తరువాత ఎన్ని యూనిట్లు తెరిచి ఉన్నాయన్న కాలమ్ ఆ పట్టికల్లో కనిపించదు. ఆ సమాచారం లేక కాదు. రాయితీ జమ చేసేముందు పీఎంఈజీపీ యూనిట్ ప్రతిదాన్నీ స్వయంగా చూసి తనిఖీ చేయాలన్న నిబంధన ఉంది, ఆ నివేదికలు బ్యాంకుల వద్ద, ఖాదీ కమిషన్ వద్ద ఉంటాయి. మండలాలవారీగా ఆ జాబితాను, దానితోపాటు తిరస్కరించిన దరఖాస్తులకు బ్యాంకులు రాసిన కారణాలను ఎనిమిది జిల్లాల కలెక్టర్లు వచ్చే సమావేశంలో బల్లమీద పెట్టించాలి.